సావో టోమే, ప్రిన్సిపె దీవులకు వెళ్లిరావడం: టికెట్ నుంచి తిరుగు ప్రయాణం దాకా

ఆఫ్రికా పశ్చిమ తీరానికి అవతల, గినియా సింధుశాఖలో, భూమధ్యరేఖను ఆనుకుని ఉన్న చిన్న దేశం సావో టోమే ప్రిన్సిపె. రెండు పెద్ద దీవులు, రెండు లక్షల పైచిలుకు జనం, అగ్నిపర్వతాల మీద పెరిగిన అడవి. వీసా ఎలా, ఏ దారిన వెళ్లాలి, శాకాహారం దొరుకుతుందా అని చాలామంది అడుగుతున్నారు. అందుకే ఏ పని ముందు, ఏ పని వెనక అన్నది ఒకచోట రాస్తున్నాను.

ఒక సంగతి ముందే చెప్పాలి. టూరిస్టులు తక్కువగా వచ్చే చోట అప్పటికప్పుడు డబ్బు పెట్టి సర్దుకోవడం కుదరదు. బాలిలోనో ఫుకెట్‌లోనో ఒక బోటు తప్పితే కాసేపట్లో ఇంకోటి దొరుకుతుంది. ఇక్కడ తప్పితే ఆ రోజు పోయినట్టే. మర్చిపోయిన మందు, పాడైన ఛార్జర్, చిరిగిన నోటు, ఏదైనా సరే అక్కడ చిక్కే. కాబట్టి సగం పని ఇంటి దగ్గరే అయిపోవాలి. రెండో సగం ఏంటంటే, ప్లాన్‌లో ఖాళీ రోజులు వదలడం.

## 1. ముందు నెల ఖాయం చేసుకోండి

నెల ఖాయమైతేనే మిగతావన్నీ తేలతాయి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా పొడి కాలం. అక్కడివాళ్లు దాన్ని గ్రవానా అంటారు. వాన తక్కువ, కాస్త చల్లగా ఉంటుంది, మట్టి దారులు గట్టిపడతాయి. కొండ ఎక్కాలనుకునేవాళ్లకు ఇదే మంచి కాలం. కానీ ఆకాశం చాలా రోజులు మబ్బుగానే ఉంటుంది. మెరిసే నీలిరంగు సముద్రం ఆశించి వెళ్తే నిరాశపడతారు. జులై నుంచి అక్టోబరు దాకా తిమింగలాలు ఇటుగా వస్తాయి.

అక్టోబరు నుంచి మే దాకా వానలు. మధ్యలో జనవరి, ఫిబ్రవరిలో వాన కొంచెం తెరిపి ఇస్తుంది. సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం కూడా ఇంచుమించు నవంబరు నుంచి మార్చి దాకా ఉంటుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేనైతే జనవరి చివరో ఫిబ్రవరో చెబుతాను. తాబేళ్లు కనబడే అవకాశం ఉంటుంది, రోడ్లు కూడా మరీ పాడై ఉండవు.

క్రిస్మస్ రోజులు, ఆగస్టు నెల వీలైతే వదిలేయండి. పోర్చుగల్‌లో స్థిరపడిన అక్కడి కుటుంబాలు సెలవులకు ఊరికి వచ్చే సమయం అది. టికెట్ దొరకడం కష్టం, దొరికినా ధర మండిపోతుంది.

## 2. దారి, వీసా: రెండూ కలిపి ఆలోచించండి

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో నేరుగా విమానం లేదు. ఆచరణలో రెండు దారులున్నాయి.

లిస్బన్ దారి. పోర్చుగల్ రాజధాని లిస్బన్ నుంచి సావో టోమేకు విమానాలున్నాయి. కొన్ని ఘనాలోని అక్రాలో ఆగి వెళ్తాయి. లండన్, ఫ్రాంక్‌ఫర్ట్, డాలస్ లాంటి చోట్ల ఉన్న తెలుగువాళ్లకు ఇదే సులువు.

లువాండా దారి. ఇథియోపియాలోని ఆడిస్ అబాబా మీదుగా అంగోలా రాజధాని లువాండా చేరి, అక్కడి నుంచి సావో టోమే. ఇండియా నుంచి వెళ్లేవాళ్లకు దూరం తగ్గుతుంది, కానీ మారాల్సిన విమానాలు ఎక్కువ.

ఇప్పుడు వీసా. భారత పాస్‌పోర్టుతో వెళ్లేవాళ్లు బయల్దేరే ముందే ఆన్‌లైన్‌లో ఈ-వీసాకు దరఖాస్తు చేసుకోవాలి. చెల్లుబాటులో ఉన్న షెంగెన్ వీసా (పోర్చుగల్‌తో సహా చాలా ఐరోపా దేశాలకు పనికొచ్చే ఒకే వీసా) గానీ అమెరికా వీసా గానీ ఉన్నవాళ్లను 15 రోజుల దాకా విడిగా వీసా లేకుండా రానిచ్చే నియమం ఉంది. అందుకే లిస్బన్ దారిన వెళ్లాలనుకుంటే షెంగెన్ వీసా తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. ఒక్క వీసాతో రెండు పనులూ అవుతాయి. పైగా లిస్బన్‌లో విమానం తప్పితే ఎయిర్‌పోర్టు బయటికి వచ్చి హోటల్లో పడుకోవచ్చు. వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు రెండుసార్లూ అక్కడ దిగుతారు కాబట్టి మల్టిపుల్ ఎంట్రీ అడగండి.

ఇక్కడ చాలామంది పడే చిక్కు ఒకటుంది. రెండు విడి టికెట్లు కొంటారు: హైదరాబాద్ నుంచి లిస్బన్‌కు ఒకటి, అక్కడి నుంచి సావో టోమేకు ఇంకొకటి. అలా కొంటే లిస్బన్‌లో సామాను తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాలి. అంటే ఇమిగ్రేషన్ దాటి బయటికి రావాలి. షెంగెన్ వీసా లేకపోతే అది జరగదు, హైదరాబాద్‌లోనే విమానం ఎక్కనివ్వరు. వీసా లేనివాళ్లు ఒకే బుకింగ్‌లో, సామాను చివరిదాకా వెళ్లేలా టికెట్ కొనాలి. దారిలో ఏ దేశంలో మారినా అక్కడ ట్రాన్సిట్ వీసా అవసరమా అన్నది కూడా చూసుకోవాలి.

చెక్-ఇన్ కౌంటర్‌లో ఉన్నవాళ్లకు ఈ దేశం పేరే కొత్త కావచ్చు. వాళ్లు టిమాటిక్ అనే వ్యవస్థలో నియమాలు చూసుకుని గానీ బోర్డింగ్ పాస్ ఇవ్వరు. కాబట్టి నియమాలు మారలేదని వారం ముందు విమాన సంస్థతో ఈమెయిల్‌లో నిర్ధారించుకుని, ఆ జవాబు ప్రింట్ తీసి దగ్గర ఉంచుకోండి.

ఫైల్లో ఉండాల్సిన కాగితాలు:

- కనీసం ఆరు నెలల గడువున్న పాస్‌పోర్టు, దాని రెండు ఫొటోకాపీలు
- ఈ-వీసా ప్రింట్ లేదా షెంగెన్/అమెరికా వీసా
- తిరుగు టికెట్
- మొదటి కొన్ని రాత్రుల హోటల్ బుకింగ్, హోటల్ ఫోన్ నంబర్‌తో
- ఎల్లో ఫీవర్ టీకా పుస్తకం
- ప్రయాణ బీమా పత్రం

## 3. బుకింగ్‌ల వరుస: ప్రిన్సిపె విమానం ముందు

అంతర్జాతీయ టికెట్ కొనేసి, ఆ తర్వాత ప్రిన్సిపె సంగతి చూడటం అందరూ చేసే పని. దీన్ని తిరగేయాలి.

సావో టోమే దీవి నుంచి ప్రిన్సిపె దీవి సుమారు 150 కిలోమీటర్లు. చిన్న విమానం, ముప్పావు గంటలోపు ప్రయాణం. సీట్లు తక్కువ, సామాను బరువు మీద పరిమితి గట్టిగా ఉంటుంది. వాతావరణం బాగోకపోయినా, విమానంలో లోపం వచ్చినా ఆ రోజుకు రద్దే.

కాబట్టి వరుస ఇది:

1. మీకు వీలైన తేదీల్లో ప్రిన్సిపె విమానం ఏయే రోజుల్లో ఉందో, సీట్లు ఉన్నాయో కనుక్కోండి. అక్కడి హోటలుకు మెయిల్ పెడితే తరచుగా వాళ్లే చూసిపెడతారు.
2. దానికి సరిపోయే అంతర్జాతీయ టికెట్ ఎంచుకుని, రెండూ ఒకే రోజున కొనండి.
3. ప్రిన్సిపె భాగాన్ని ప్రయాణం మొదట్లోనో మధ్యలోనో పెట్టండి. చివర్లో వద్దు.
4. ప్రిన్సిపె నుంచి తిరిగొచ్చే రోజుకూ ఇంటికి బయల్దేరే రోజుకూ మధ్య కనీసం రెండు రాత్రులు సావో టోమేలో ఉండేలా చూసుకోండి.
5. ఆ తర్వాతే మిగతా హోటళ్లు.

విమానం ఖరీదని సరుకుల పడవ ఎక్కుతామనేవాళ్లు ఉంటారు. వద్దు. 2019 ఏప్రిల్‌లో రెండు దీవుల మధ్య తిరిగే ఓడ ప్రిన్సిపె దగ్గర మునిగి ప్రాణాలు పోయాయి. అంత డబ్బు లేకపోతే ప్రిన్సిపె వదిలేయండి. సావో టోమే దీవి ఒక్కటే వారం రోజులకు సరిపోతుంది.

## 4. టీకా, మలేరియా మందు

మొత్తం ప్రయాణంలో అశ్రద్ధ చేయకూడని భాగం ఇది.

ఎల్లో ఫీవర్ టీకా. ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనే వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటిది. ముందుగా కనుక్కుని, అపాయింట్‌మెంట్ తీసుకుని, పాస్‌పోర్టుతో వెళ్లండి. టీకా వేసిన 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఆపైన జీవితాంతం పనిచేస్తుంది. ప్రయాణానికి కనీసం నెల ముందు ఈ పని ముగించండి.

గుడ్డు అలర్జీ ఉన్నవాళ్లు, గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు, 60 దాటినవాళ్లు ముందు తమ డాక్టరుతో మాట్లాడాలి. తొమ్మిది నెలల లోపు పిల్లలకు ఈ టీకా వేయరు.

ఈ పసుపు పుస్తకం వెళ్లేటప్పుడే కాదు, వచ్చేటప్పుడు కూడా కావాలి. ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల మీదుగా, అంటే ఘనా, అంగోలా లాంటివి దాటి వచ్చినవాళ్ల దగ్గర సరైన సర్టిఫికెట్ లేకపోతే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టే అధికారం ఉంది. పుస్తకంలో పేరు, పాస్‌పోర్టు నంబరు అచ్చంగా పాస్‌పోర్టులో ఉన్నట్టే రాశారో లేదో కేంద్రంలో ఉండగానే చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక రాయడం మనవాళ్లకు మామూలే. దాని మీద ఎయిర్‌పోర్టులో ప్రశ్నలు వస్తాయి.

మలేరియా. సావో టోమేలో మలేరియా ఉంది. ప్రధానంగా ఫాల్సిపారం రకం, అంటే ప్రాణం మీదికి తెచ్చేది. మన దగ్గర తెలిసిన క్లోరోక్విన్ దీనికి పనికిరాదు. నివారణ మందు డాక్టరు సలహాతో తీసుకోవాలి:

- డాక్సీసైక్లిన్: వెళ్లడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, వచ్చాక నాలుగు వారాల దాకా రోజూ వేసుకోవాలి. ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది. గర్భిణులకు, చిన్నపిల్లలకు కుదరదు.
- అటోవాక్వోన్-ప్రోగ్వానిల్: ఒకటి రెండు రోజుల ముందు నుంచి, వచ్చాక ఏడు రోజుల దాకా. అన్ని మందుల షాపుల్లో దొరకదు కాబట్టి ముందే వెతికిపెట్టుకోవాలి.
- మెఫ్లోక్విన్: వారానికి ఒకటి. కనీసం రెండు వారాల ముందు మొదలుపెట్టాలి, వచ్చాక నాలుగు వారాలు. మానసిక ఆందోళన, నిద్ర సమస్యలు ఉన్నవాళ్లకు సరిపడదు.

వచ్చేశాం కదా అని మాత్ర ఆపేయడమే అందరూ చేసే తప్పు. వచ్చాక వేసుకునే మాత్రలు కూడా కోర్సులో భాగమే.

దోమతెర, దోమల క్రీము, సాయంత్రానికి పొడుగు చేతుల చొక్కా ఎలాగూ ఉండాలి.

బీమా. దేశం మొత్తానికి పెద్ద ఆసుపత్రి రాజధానిలోని (ఆ ఊరి పేరు కూడా సావో టోమేనే) ఆయ్రెస్ ద మెనేజెస్. పెద్ద ఆపరేషన్ అవసరమైతే విమానంలో బయటికి తరలించాల్సిందే. అందుకే బీమాలో మెడికల్ ఎవాక్యుయేషన్ ఉందా, ఈ దేశం పేరు మినహాయింపుల్లో లేదు కదా అని పాలసీ తెరిచి చదవండి. ఏజెంటు నోటి మాట చాలదు.

## 5. డబ్బు: యూరో నోట్లు, అవీ చిన్నవి

అక్కడి కరెన్సీ డోబ్రా. యూరోతో దాని విలువ స్థిరంగా ముడిపెట్టి ఉంది: ఒక యూరోకు 24.5 డోబ్రాలు. 2018లో వెయ్యి పాత డోబ్రాలను ఒక కొత్త డోబ్రాగా మార్చారు. ఇప్పటికీ కొందరు ధరను పాత లెక్కలో చెబుతారు. "వంద వేలు" అంటే కంగారు పడొద్దు, మూడు సున్నాలు తీసేయండి.

కార్డును నమ్ముకుని వెళ్లొద్దు. పెద్ద హోటళ్లలో చెల్లొచ్చు, ఏటీఎం పనిచేసినా చేయొచ్చు. కరెంటు పోయినా నెట్‌వర్క్ పోయినా అదీ లేదు. మొత్తం ఖర్చుకు సరిపడా యూరోలు నగదుగా తీసుకెళ్లండి. ఇండియా నుంచి వెళ్లేవాళ్లు ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల విలువ వరకే విదేశీ నోట్లు తీసుకోవచ్చు, ఆపైన కావాలంటే ఫారెక్స్ కార్డులో వేసుకోవాలి. హోటల్ ఖర్చు ముందే ఆన్‌లైన్‌లో కట్టేస్తే నగదు భారం తగ్గుతుంది.

- 5, 10, 20 యూరోల నోట్లు ఎక్కువగా, 50వి కొన్ని
- చిరుగు, గీత, మరక ఉన్న నోటు ఒక్కటి కూడా వద్దు. మనీ ఛేంజర్ ఇచ్చినప్పుడే ఒక్కొక్కటీ వెలుతురులో చూసుకుని తీసుకోండి
- డబ్బంతా ఒకే చోట కాకుండా రెండు మూడు చోట్ల
- డోబ్రాలు కొద్దికొద్దిగానే మార్చుకోండి, మిగిలితే బయట ఎక్కడా చెల్లవు

## 6. సామాను

పెద్ద సూట్‌కేసు ఇంట్లోనే వదిలేయండి. ఒక మోస్తరు బ్యాగు, ఒక చిన్న వీపు సంచి చాలు. ప్రిన్సిపె విమానానికి కావలసినవి చిన్న సంచిలో సర్దుకుని, మిగతాది సావో టోమే హోటల్లో వదిలి వెళ్లొచ్చు.

తప్పనిసరిగా ఉండాల్సినవి:

- రోజూ వేసుకునే మందులు, అనుకున్న రోజులకంటే పది రోజులు ఎక్కువకు, ప్రిస్క్రిప్షన్‌తో
- ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, పారాసెటమాల్, విరేచనాల మందు, బ్యాండేజీ
- తలకు కట్టుకునే టార్చి. కరెంటు తరచూ పోతుంది
- పవర్ బ్యాంకు
- రెండు గుండ్రటి పిన్నుల ప్లగ్ అడాప్టర్. మన ఫోన్ ఛార్జర్ మామూలుగా పడుతుంది, మూడు పిన్నుల ల్యాప్‌టాప్ ప్లగ్ పట్టదు
- చీలమండ దాకా వచ్చే పట్టున్న బూట్లు
- తేలికపాటి రెయిన్‌కోటు, ఫోను పెట్టుకోవడానికి నీళ్లు చొరని కవరు
- మళ్లీ మళ్లీ నింపుకునే నీళ్ల సీసా
- శానిటరీ ప్యాడ్లు, లెన్సు ద్రవం, పిల్లల డైపర్లు లాంటివి పూర్తిగా ఇక్కడి నుంచే

ఇంట్లో కూర్చునే ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాపు, పోర్చుగీసు అనువాద ప్యాకు దింపుకోండి. అక్కడ ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు తక్కువ.

## 7. దిగిన మొదటి రోజు

మొదటి రోజు చూడటానికేమీ పెట్టుకోవద్దు. సర్దుకోవడానికే ఆ రోజు. టైము మనకంటే అయిదున్నర గంటలు వెనక.

వరుసగా ఈ పనులు చేయండి: హోటలు కారు ముందే చెప్పి ఉంచుకోవడం, పాస్‌పోర్టు చూపించి సిమ్ కొనడం, కొద్దిగా యూరోలు మార్చుకోవడం, నీళ్లు కొనడం. కుళాయి నీళ్లు తాగొద్దు. ఇవయ్యాక ప్రిన్సిపె విమానం వేళ మారిందేమో ఫోన్ చేసి కనుక్కోండి. సాయంత్రం సముద్రపు ఒడ్డున సావో సెబస్టియావ్ కోట దాకా నడిచి రండి, అందులోనే జాతీయ మ్యూజియం ఉంది.

భూమధ్యరేఖ దగ్గర కాబట్టి ఏడాది పొడుగునా పొద్దున అయిదున్నరకు తెల్లారి, సాయంత్రం ఆరు లోపే చీకటి పడుతుంది. సంజె వెలుగు ఎక్కువసేపు నిలవదు. రోజు ప్లాన్ దీన్ని బట్టి వేసుకోవాలి: ఆరింటికల్లా బయల్దేరడం, అయిదింటికల్లా గూడు చేరడం.

## 8. దీవిలో తిరగడం

మ్యాపులో చూస్తే దీవి చిన్నది, ఉత్తరం నుంచి దక్షిణానికి 50 కిలోమీటర్లు కూడా ఉండదు. కారు తీసుకుని ఒక రోజులో చుట్టి వచ్చేద్దామనిపిస్తుంది. అలా కుదరదు. పడమటి తీరం రోడ్డు శాంతా కతరీనా దాటాక ఆగిపోతుంది. తూర్పు తీరం రోడ్డు దక్షిణాన పోర్తు అలెగ్రె దాకా వెళ్తుంది. ఈ రెండింటినీ కలిపే రోడ్డు లేదు. నైరుతి మూల అంతా దట్టమైన అడవి. ఉత్తరం ఒక రోజు, దక్షిణం ఇంకో రోజు అనే లెక్క పెట్టుకోండి.

సొంతంగా నడపడం కంటే డ్రైవరుతో కారు తీసుకోవడమే మంచిది. కుడివైపు నడపాలి, గుంతలు ఎక్కువ, రాత్రి వీధి దీపాలు లేవు, రోడ్డు మీదే పిల్లలు, పందులు, కోళ్లు. డ్రైవరు ఉంటే దారి చెప్పడంతోపాటు మాట సాయం కూడా చేస్తాడు. ముందే తేల్చుకోవాల్సినవి: రోజు మొత్తానికా, ట్రిప్పుకా? పెట్రోలు ఎవరిది? అతని భోజనం ఎవరు పెట్టాలి? ఎన్ని గంటలకు తిరిగి రావాలి? కాగితం మీద అంకె రాసి చూపించుకుంటే భాష సమస్య రాదు. దేశంలో పెట్రోలు కొరత వచ్చే రోజులుంటాయి, కాబట్టి దూరం వెళ్లే ముందు రోజు సాయంత్రమే ట్యాంకు నింపించమనండి.

ఊళ్లో దగ్గరి దూరాలకు పసుపు రంగు షేర్ ట్యాక్సీలు, మోటార్‌సైకిల్ ట్యాక్సీలు ఉంటాయి. బైకు ఎక్కాల్సి వస్తే హెల్మెట్ అడగండి, లేదంటే ఎక్కొద్దు.

పది రోజులకు నేను సూచించే వరుస:

- 1వ రోజు: రాజధాని, పైన చెప్పిన పనులు.
- 2 నుంచి 4: ప్రిన్సిపె. శాంతు అంతోనియు అనే చిన్న పట్టణం, బనానా బీచి, రోసా సుంది. రోసా అంటే పాతకాలం కోకో, కాఫీ ఎస్టేటు. 1919 మే 29 సూర్యగ్రహణాన్ని ఖగోళ శాస్త్రవేత్త ఆర్థర్ ఎడింగ్టన్ గమనించింది ఈ సుంది ఎస్టేటులోనే. ఐన్‌స్టీన్ సిద్ధాంతానికి బలమిచ్చిన కొలతల్లో కొన్ని అక్కడివి.
- 5: సావో టోమేకు తిరుగు. ఖాళీ.
- 6: ఉత్తరం. లగోవా అజుల్‌లో ఈత, నేవెస్, శాంతా కతరీనా వైపు.
- 7: కొండమీద మోంతె కఫే కాఫీ ఎస్టేటు, బోం సుసెసు తోట, అడవి నడక.
- 8, 9: దక్షిణం. దారిలో రోసా అగువా ఇజె, బోకా దు ఇన్‌ఫెర్ను, పికో కావ్ గ్రాందె శిఖరం. రాత్రి పోర్తు అలెగ్రె దగ్గర బస. మర్నాడు పడవలో రోలాస్ దీవికి వెళ్లి, భూమధ్యరేఖ గుర్తు చూసి రాజధానికి రావాలి.
- 10: ఖాళీ, రాత్రి విమానం.

దక్షిణాన్ని ఒక్క రోజులో చుట్టి రావాలని చూడకండి. పోర్తు అలెగ్రె చేరడానికే రెండు గంటల పైన పడుతుంది. ఆ ఒత్తిడిలో ఏదీ సరిగా చూడలేరు.

## 9. అడవిలోకి వెళ్తే

ఓబో జాతీయ పార్కులోకి గైడు లేకుండా అడుగు పెట్టొద్దు. దారి గుర్తులు నమ్మదగ్గవి కావు. వాన పడితే కాలిబాటే కాలువ అవుతుంది.

తేలిక నడక కావాలంటే బోం సుసెసు నుంచి లగోవా అమేలియా. ఒక పూట పని. పేరులో సరస్సు ఉన్నా నీళ్లు కనబడవు. పాత అగ్నిపర్వత బిలంలో నీటి మీద మందంగా గడ్డి, నాచు పెరిగి ఉంటుంది. మీద అడుగేస్తే కింద పరుపులా ఊగుతుంది. గైడు చూపించిన చోటే నిలబడాలి.

కష్టమైనది 2,024 మీటర్ల పికో ద సావో టోమే. రెండు రోజులు, మధ్యలో గుడారంలో రాత్రి. రోజూ మెట్లెక్కడం, దిగడం అలవాటున్నవాళ్లే పెట్టుకోండి. ఎక్కడం కంటే దిగడమే మోకాళ్లను పరీక్షిస్తుంది. పికో కావ్ గ్రాందె మాత్రం సూది లాంటి రాతి స్తంభం, చుట్టూ ఉన్న నేల నుంచి 300 మీటర్లకు పైగా నిటారుగా లేచి ఉంటుంది. దాన్ని రోడ్డు మీద నుంచి చూడటమే. మబ్బు కమ్మకముందు, పొద్దున్నే.

సావో టోమే దీవిలో నల్ల నాగు ఉంది. పెద్దది, ప్రపంచంలో ఇంకెక్కడా లేని జాతి. దాని దారిన అది పోతుంది గానీ, ఆకుల గుట్టల్లో చెయ్యి పెట్టడం, చెప్పులతో నడవడం, బాట వదిలి పక్కకు వెళ్లడం చేయకూడదు. గైడు ముందు నడవాలి, మీరు వెనక.

## 10. సముద్రం, తాబేళ్లు

బీచుల్లో లైఫ్‌గార్డులు ఉండరు. ఎవరూ లేని బీచి కనబడగానే దిగేయకుండా, అక్కడి జాలరిని "ఇక్కడ ఈదొచ్చా?" అని సైగతోనైనా అడగండి. అతను తల అడ్డంగా ఊపితే ఆ మాటే ఆఖరు. కొబ్బరి చెట్టు కింద పడుకోవద్దు.

తాబేళ్లను చూడటానికి సావో టోమేలో మోర్రు పేయ్షె, జాలె బీచీలు తెలిసిన చోట్లు. ఊరి సంరక్షణ గైడుతోనే వెళ్లాలి. పాటించాల్సినవి:

- తెల్ల టార్చి, ఫోన్ లైటు, ఫ్లాష్ వద్దు. గైడు దగ్గరున్న ఎర్ర లైటే
- ఒడ్డుకు వస్తున్న తాబేలుకు ఎదురు నిలబడొద్దు
- గుడ్లు పెట్టడం మొదలయ్యాక, గైడు పిలిస్తేనే వెనక వైపు నుంచి దగ్గరికి
- పిల్ల తాబేళ్లను చేతిలోకి తీసుకుని ఫొటో దిగొద్దు

తాబేలు చిప్పతో చేసిన గాజులు, దువ్వెనలు ఎవరైనా చూపిస్తే కొనకండి. అక్కడ తాబేళ్లకు చట్టరక్షణ ఉంది. అంతర్జాతీయంగా కూడా ఆ వస్తువుల రవాణా నిషేధం.

## 11. తిండి, ముఖ్యంగా శాకాహారులకు

చేప తినేవాళ్లకు చింత లేదు. పొద్దున పట్టిన చేప మధ్యాహ్నానికి నిప్పుల మీద కాలుతూ ఉంటుంది, పక్కన అరటికాయ, అన్నం. కలులు అనే ఆకుకూరల పులుసు తప్పక తినండి. ఎర్ర పామాయిల్‌లో రకరకాల ఆకులు, బెండకాయలు వేసి చాలాసేపు మరిగిస్తారు. అందులో పొగబెట్టిన చేపో కోడో ఉంటుంది.

శాకాహారులు కాస్త ముందుచూపుతో ఉండాలి. "మాంసం వద్దు" అంటే చేప పెడతారు. "చేప కూడా వద్దు" అంటే గుడ్డు వస్తుంది. అన్నీ కలిపి ఒకేసారి చెప్పాలి: "సెం కార్నె, సెం పేయ్షె, సెం ఓవుష్." మాంసం, చేప, గుడ్డు లేకుండా అని. ఈ వాక్యాన్ని పోర్చుగీసులో రాసిన చీటీ పర్సులో పెట్టుకుని వంటమనిషికే చూపించండి. పొద్దున్నే మధ్యాహ్న భోజనం చెప్పేస్తే వాళ్లకూ టెన్షన్ ఉండదు, మీకూ వేడిగా దొరుకుతుంది.

దొరికేవి ఇవి: అన్నం, ఎర్ర చిక్కుడు గింజల కూర, అరటికాయ వేపుడు, చేమదుంప, సీమపనస, పనస, అవకాడో, బొప్పాయి, కొబ్బరి. సీమపనసను బొగ్గుల మీద కాల్చి, పైచెక్కు తీసి ముక్కలు కోసి ఉప్పు చల్లి ఇస్తారు. మనింటి నుంచి తెచ్చిన కందిపొడి ఆ వేడి ముక్కల మీద చల్లుకుంటే పూట గడిచిపోతుంది.

పొడులు, పచ్చళ్లు చెక్-ఇన్ బ్యాగులో గట్టిగా సీలు చేసి పెట్టండి. లిస్బన్‌లో బయటికి వచ్చేవాళ్లు నెయ్యి, పాలకోవా, పాలపొడి తీసుకెళ్లకూడదు. ఐరోపా సమాఖ్యలోకి బయటి దేశాల పాల పదార్థాలు, మాంసం తేవడం నిషేధం.

## 12. మనుషులతో మెలగడం

దుకాణంలోకి వెళ్లగానే ధర అడగకండి. ముందు పలకరింపు. పొద్దున "బోం దియా", మధ్యాహ్నం "బోవా తార్దె", కృతజ్ఞతకు మగవాళ్లు "ఒబ్రిగాదు", ఆడవాళ్లు "ఒబ్రిగాదా". ధరకు "క్వాంతు కుష్తా?" ఫొటోకు ముందు కెమెరా చూపించి "పోస్సు?" అని అడగండి. సంతల్లో కొందరు ఆడవాళ్లు వద్దంటారు, వద్దంటే వద్దే.

పల్లెల్లో కారు ఆగగానే పిల్లలు "దోసె, దోసె" అంటూ చుట్టుముడతారు. మన దోసె కాదు, మిఠాయి అడుగుతున్నారు. చాక్లెట్లు, డబ్బులు పంచకండి. బడి మానేసి రోడ్డు మీద నిలబడటం అలవాటు చేసినవాళ్లం అవుతాం. ఇవ్వాలనిపిస్తే పలకలు, పుస్తకాలు ఆ ఊరి బడి టీచరుకు అందించండి. మీ డబ్బు ఊరికి చేరాలంటే ఊరి గైడు, ఊరి పడవ, ఊరి భోజనం ఎంచుకోండి.

చెత్త ఎత్తే ఏర్పాటు అంతంతమాత్రం. ఖాళీ మందు రేకులు, బ్యాటరీలు, ప్లాస్టిక్ కవర్లు బ్యాగులో తిరిగి తెచ్చుకోవాలి. ప్రిన్సిపె మొత్తం 2012 నుంచి యునెస్కో బయోస్ఫియర్ రిజర్వు. అక్కడ 50 ఖాళీ ప్లాస్టిక్ సీసాలు ఏరి ఇస్తే ఒక స్టీలు సీసా ఇచ్చే పథకం పెట్టి దీవిని శుభ్రం చేసుకున్నారు. అలాంటి చోట మనం సీసా పారేయడం అన్యాయం.

## 13. ఏదైనా తేడా వస్తే

ప్రిన్సిపె విమానం రద్దయింది. కౌంటర్‌లో మీ ఫోన్ నంబరు రాయించండి, హోటలు వాళ్లను కూడా కనుక్కోమనండి. ఖాళీ రోజును వాడుకోండి. రెండో రోజూ కదలకపోతే ప్రిన్సిపె వదిలేసి దక్షిణంలో బస పెంచుకోండి.

సామాను రాలేదు. ఎయిర్‌పోర్టు వదిలే ముందే ఫిర్యాదు కాగితం తీసుకోండి. తర్వాతి విమానం ఎప్పుడో కాబట్టి మందులు, ఒక జత బట్టలు, ఛార్జరు చేతి సంచిలోనే ఉండాలి.

నగదు అయిపోతోంది. ఆఖరి నోటు దాకా ఆగకండి. సగం అయిపోయినప్పుడే ఏటీఎం ప్రయత్నించండి, బ్యాంకు పనివేళల్లో. కార్డు ఇరుక్కుంటే లోపల అడగడానికి మనుషులుంటారు.

పాస్‌పోర్టు పోయింది. ఈ దేశ వ్యవహారాలు చూసే భారత దౌత్య కార్యాలయం ఏదో, దాని అత్యవసర నంబరేదో బయల్దేరే ముందే విదేశాంగ శాఖ వెబ్‌సైటులో చూసి రాసుకోండి. పోలీసు ఫిర్యాదు నకలు తీసుకుని వాళ్లకు ఫోన్ చేయండి.

జ్వరం వచ్చింది. ప్రయాణ బడలిక అని పారాసెటమాల్ వేసుకుని పడుకోవద్దు. అదే రోజు మలేరియా రక్తపరీక్ష చేయించుకోండి.

## 14. తిరిగొచ్చాక

మలేరియా మాత్రలు డాక్టరు చెప్పిన రోజు దాకా వేసుకోండి. ఫోన్‌లో అలారం పెట్టుకుంటే మర్చిపోరు.

వచ్చిన మూడు నెలల్లోపు ఏ జ్వరం వచ్చినా ఆసుపత్రిలో మొదటి మాటగా "నేను ఆఫ్రికా వెళ్లొచ్చాను" అని చెప్పండి. అది చెప్పకపోతే మన దగ్గర డెంగీ, టైఫాయిడ్ పరీక్షలతో రెండు మూడు రోజులు గడిచిపోతాయి. ఫాల్సిపారం మలేరియాకు ఆ రెండు మూడు రోజులే కీలకం. మొదటి పరీక్షలో మలేరియా లేదని వచ్చినా జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్లీ చేయమని అడగండి. ఇంట్లోవాళ్లకు కూడా ఈ మాట చెప్పి ఉంచండి, జ్వరం తీవ్రంగా ఉంటే మీరు చెప్పే స్థితిలో ఉండకపోవచ్చు.